అరచేతిలో పాఠములు చదివిన పట్టభద్రురాలు: హెలెన్ కెల్లర్ జీవితము

మార్కు సువార్త రెండవ అధ్యాయములోని కపెర్నహూము సంగతి మన సంఘస్థులందరికిని తెలిసినదే. నలుగురు స్నేహితులు నడవలేని ఒకనిని మంచము మీద మోసికొని వచ్చిరి. జనము కిక్కిరిసి యుండుటచేత లోనికి పోవుటకు దారి లేకపోయెను. వారు వెనుకకు తిరిగిపోలేదు. ఇంటి కప్పు తీసి, మంచమును ప్రభువు ఎదుటికి దింపిరి. ఈ భాగము మీద మేము ఎన్నో మారులు ప్రసంగించితిమి. స్వస్థతను గూర్చి చెప్పితిమి, పాపక్షమాపణను గూర్చి చెప్పితిమి. కప్పు తీసిన ఆ చేతులను గూర్చి మాత్రము చాలినంత చెప్పలేదని నేడు ఒప్పుకొనుచున్నాము.

శతవార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుల జీవితమును వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరిరి. మన డయోసిస్‌ను నాటిన మిషనరీలను గూర్చియు, తొలి దేశీయ గురువులను గూర్చియు వ్రాయుటకు మాకంటె తెలిసిన పెద్దలున్నారు. గనుక మేము హెలెన్ కెల్లర్ జీవితమును ఎంచుకొంటిమి. ఆమె పేరు విననివారు మనలో అరుదు. అయితే సాధారణముగా ఆమె కథ నీళ్ల పంపు దగ్గర ముగిసిపోవును. అటు తరువాతి కథ, ముఖ్యముగా ఆమె డిగ్రీ చదివిన కథ, నేడు మన సంఘమునకు అవసరమని మా నమ్మకము. ఎందుకు అవసరమో చివర మనవి చేసికొందుము.

బాల్యము

హెలెన్ ఆడమ్స్ కెల్లర్ 1880 జూన్ 27న అమెరికా దేశములోని అలబామా రాష్ట్రమున, టస్కంబియా అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి ఆర్థర్ కెల్లర్ అంతర్యుద్ధములో దక్షిణాది సైన్యమున పనిచేసి, తరువాత వార్తాపత్రిక నడిపినవాడు. తల్లి పేరు కేట్. బిడ్డకు 19 నెలల ప్రాయమున, 1882 ఫిబ్రవరిలో, తీవ్రమైన జ్వరము వచ్చెను. జ్వరము తగ్గినది గాని చూపును వినికిడియు రెండును పోయెను. మాట వినబడని బిడ్డకు మాట ఎట్లు వచ్చును? సైగలతో కొంత తెలుపుకొనెడిది. తెలియనప్పుడు కోపముతో క్రింద పడి దొర్లి ఏడ్చెడిది. బంధువులలో కొందరు ఈ పిల్లకు చదువేమిటని అనుకొనిరి.

తల్లి మాత్రము ఆశ విడువలేదు. చార్లెస్ డికెన్స్ వ్రాసిన అమెరికా యాత్రా గ్రంథములో, చూపు వినికిడి రెండును లేని లారా బ్రిడ్జ్‌మన్ అను బాలిక బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చదువు నేర్చిన సంగతి ఆమె చదివియుండెను. 1886లో తలిదండ్రులు బిడ్డను బాల్టిమోర్‌లోని నేత్రవైద్యునికి చూపించిరి. చూపు రాదని ఆయన చెప్పి, వాషింగ్టన్‌లోని అలెగ్జాండర్ గ్రాహంబెల్ వద్దకు పంపెను. టెలిఫోను కనిపెట్టిన ఆ బెల్ బధిరుల విద్యకు పాటుపడుచుండెను. ఆయన సలహా మీద వారు పెర్కిన్స్ పాఠశాలకు ఉత్తరము వ్రాసిరి. 1887 మార్చి 3న ఆన్ సలివన్ అను టీచరు వారి ఇంట అడుగుపెట్టెను.

ఈ టీచరు కథ తెలియనిదే హెలెన్ కథ తెలియదు. ఆన్ సలివన్‌కు అప్పుడు 20 ఏండ్లు. ఐరిష్ వలస కూలీల బిడ్డ. చిన్నతనములోనే ట్రాకోమా వ్యాధిచేత చూపు దాదాపుగా పోయెను. తల్లి మరణించగా, తండ్రి విడిచిపోగా, తమ్మునితో కూడ ప్రభుత్వపు బీదల ఆశ్రమములో చేర్చబడెను. ఆ తమ్ముడు అక్కడనే చనిపోయెను. ఆమె 1880లో పెర్కిన్స్ పాఠశాలలో చేరినప్పుడు 14 ఏండ్ల పిల్ల, అక్షరము ముక్క రాదు. ఆరేండ్లలో తన తరగతిలో మొదటి విద్యార్థినిగా బయటికి వచ్చెను. కంటికి శస్త్రచికిత్సలు జరిగి కొంత చూపు వచ్చినను, అది జీవితమంతయు బలహీనముగానే ఉండెను. ఎవరును కోరని పిల్ల మరియొక పిల్లకు టీచరాయెను.

ఆన్ ప్రతి వస్తువును హెలెన్ చేతికిచ్చి, దాని పేరును వ్రేళ్ల అక్షరములతో ఆమె అరచేతిలో వ్రాయుచుండెను. నెల రోజులకు, 1887 ఏప్రిల్ 5న, పంపు నీరు ఒక చేతిమీద పడుచుండగా రెండవ చేతిలో నీరు అను మాట వ్రాసినప్పుడు, ప్రతి వస్తువునకును ఒక పేరు కలదని ఆ బిడ్డకు తెలిసెను. అటుపిమ్మట చదువు ఆగలేదు. బ్రెయిలీ నేర్చెను. 1890లో బోస్టన్‌లో సారా ఫుల్లర్ అను టీచరమ్మ వద్ద నోటితో మాటలాడుటయు నేర్చుకొనసాగెను.

కీర్తి వచ్చిన చోటికి అనుమానమును వచ్చును. పదకొండేండ్ల ప్రాయమున హెలెన్ ఒక చిన్న కథ వ్రాసి పెర్కిన్స్ పాఠశాల అధికారికి జన్మదిన కానుకగా పంపెను. అది అచ్చయిన తరువాత, మార్గరెట్ కాన్బీ అను రచయిత్రి కథను అది పోలియున్నదని బయటపడెను. ఆ కథను ఎప్పుడో ఒకరు ఆమె చేతిలో చదివి వినిపించగా, విన్న సంగతి మరచి, తన మనస్సులో పుట్టినదే అనుకొని బిడ్డ వ్రాసినది. ఎనిమిదిమంది పెద్దలు ఆమెను కూర్చుండబెట్టి విచారణ చేసిరి. టీచరును గదిలోనుండి బయటికి పంపిరి. నేరము స్థిరపడలేదు గాని, ఆ నాటినుండి ప్రతి వాక్యము వ్రాయునప్పుడు ఇది నాదేనా అను భయము ఆమెను చాలకాలము వెంటాడెను. వికలాంగులైన పిల్లలు బాగుగా చదివిన యెడల, ఎవరో వ్రాసిపెట్టియుందురని నేటికిని మనము అనుకొనుట లేదా?

కళాశాల గుమ్మము

హెలెన్ విశ్వవిద్యాలయ చదువు చదువవలెనని నిశ్చయించుకొనెను. ఆ కాలమున హార్వర్డ్‌లో స్త్రీలకు ప్రవేశము లేదు. స్త్రీల కొరకు ప్రక్కనే రాడ్‌క్లిఫ్ కళాశాల ఉండెను. చూపు వినికిడి రెండును లేనివారు ప్రపంచములో ఎక్కడను బి.ఏ. పట్టము పొందియుండలేదు. ధనమును లేదు. తండ్రి 1896లో మరణించెను. రచయిత మార్క్ ట్వెయిన్ ఆమె సంగతి విని, తన స్నేహితుడైన ధనవంతుడు హెన్రీ రోజర్స్‌తో చెప్పగా, ఆ కుటుంబమువారు చదువు ఖర్చులకు సహాయము చేసిరి.

1896 అక్టోబరులో ఆమె కేంబ్రిడ్జి పట్టణములో చూపున్న బాలికలు చదువు పాఠశాలలో చేరెను. ఆన్ ప్రక్కన కూర్చుండి ఉపాధ్యాయులు చెప్పునదంతయు హెలెన్ అరచేతిలో వ్రాయుచుండెను. కావలసిన పుస్తకములలో అనేకము బ్రెయిలీలో లేవు. లండనులోను ఫిలడెల్ఫియాలోను స్నేహితులు త్వరపడి అచ్చు వేయించినను సమయమునకు అందలేదు. ఆ పాఠశాల ఉపాధ్యాయులలో ప్రధానోపాధ్యాయుడు గిల్మన్, జర్మన్ టీచరమ్మ, ఈ ఇద్దరు మాత్రమే వ్రేళ్ల అక్షరములను నేర్చుకొనిరి. టీచరమ్మ వ్రేళ్లు నెమ్మదిగా, తడబడుచు నడిచెడివట. అయినను వారమునకు రెండు మారులు హెలెన్‌కు ప్రత్యేక పాఠము చెప్పి, ఆన్ చేతులకు విశ్రాంతి నిచ్చెను. ఇది చిన్న సంగతివలె కనబడును గాని, మాకు ఈ జీవితములో ఇది పెద్ద సంగతి.

1897 జూన్ 29 నుండి జూలై 3 వరకు మొదటి ప్రవేశ పరీక్షలు జరిగెను. టైపు మిషను శబ్దము ఇతరులకు అడ్డు కాకుండునట్లు ఆమెను వేరు గదిలో కూర్చుండబెట్టిరి. గిల్మన్ ప్రశ్నలను ఆమె చేతిలో వ్రాసి చెప్పగా, ఆమె టైపు చేసెను. వాకిట ఒక మనుష్యుని కావలి యుంచిరి. అన్ని పరీక్షలలోను ఉత్తీర్ణురాలై, జర్మన్‌లోను ఇంగ్లీషులోను ప్రత్యేక గౌరవము పొందెను. అటుపిమ్మట హెలెన్ మితిమీరి శ్రమపడుచున్నదని గిల్మన్ తలంచి, చదువు కాలమును పొడిగింపగోరెను. ఆన్ ఒప్పుకొనలేదు. ఆయన ఆ ఇద్దరిని వేరుచేయ చూచెను. ఆ సంవత్సరము డిసెంబరులో తల్లి వచ్చి బిడ్డను ఆ పాఠశాలనుండి తీసికొనిపోయెను. సహాయము చేయువారు ఒక్కొక్కప్పుడు యజమానులగుదురు. గిల్మన్ చెడ్డవాడు కాడు. వ్రేళ్ల అక్షరములు నేర్చుకొన్నవాడే. అయినను ఆమె ఎంత చదువవలెనో తాను నిర్ణయింపగోరెను.

మెర్టన్ కీత్ అను ఉపాధ్యాయుడు ఇంటివద్ద పాఠములు చెప్పెను. జామెట్రీ బొమ్మలు చూడలేదు గనుక దిండుమీద తీగలు గుచ్చి, ఆ గీతలను తడవి నేర్చెను. 1899 జూన్ 29, 30 తేదీలలో చివరి పరీక్షలు. ఈ మారు ఆన్ ప్రశ్నపత్రము చదువుటకు కళాశాల ఒప్పుకొనలేదు. పెర్కిన్స్ పాఠశాలలోని వైనింగ్ అను ఉపాధ్యాయుడు ప్రశ్నలను బ్రెయిలీలో వ్రాసి ఇచ్చుటకు నియమింపబడెను. ఆయన హెలెన్‌కు అపరిచితుడు. న్యాయముగానే కనబడు ఏర్పాటు. కాని ఆ దేశములో అప్పుడు మూడు విధములైన బ్రెయిలీలు వాడుకలో ఉండెను. ఆల్జీబ్రా గుర్తులను ఆమె ఇంగ్లీషు పద్ధతిలో నేర్చెను. ప్రశ్నపత్రము అమెరికా పద్ధతిలో వచ్చుననుట పరీక్షకు రెండు దినములు ముందుగా పాత పత్రమొకటి చేతికి వచ్చినప్పుడు మాత్రమే తెలిసెను. వెంటనే ఉత్తరము వ్రాసి గుర్తుల పట్టిక తెప్పించుకొని, తొందరతొందరగా నేర్చుకొని, పరీక్ష గదిలో గుర్తులు కలగాపులగము కాగా, ప్రతి ప్రశ్నను మరల మరల తడవి చూచుకొని వ్రాసెను. ఉత్తీర్ణురాలాయెను. ఆ అధికారులు ఎవరును ఆమెకు కీడు తలపెట్టలేదు. ఆమె ఏ బ్రెయిలీ చదివెనో అడుగవలెనని వారికి తోచలేదు, అంతే.

1900లో రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరెను. తరగతిలో అధ్యాపకుని మాటలు ఆన్ వ్రేళ్లమీదుగా పరుగెత్తుచుండ, రెండు చేతులును వినుటకే చాలవు గనుక, నోట్సు వ్రాసికొనలేకపోయెను. ఇంటికి వచ్చి జ్ఞాపకమున్నంత వ్రాసికొనెడిది. గ్రీకు అక్షరములకు, గణిత గుర్తులకు వేరువేరు అచ్చులు మార్చుకొనదగిన టైపు మిషను వాడెను. బ్రెయిలీలో లేని పుస్తకములన్నియు ఆన్ తన బలహీనమైన కండ్లతో చదివి చేతిలో వ్రాసెను. ఇతర బాలికలు ఆడుకొనుచు పాడుకొనుచు నుండగా తాను ఒక్కతెయే గంటల కొలది కష్టపడవలసి వచ్చినదని ఆమెకు బాధ కలిగెడిది. చదువుకొనుచునే, ప్రొఫెసర్ కోప్‌లండ్ ప్రోత్సాహముతో, తన జీవితకథను వ్రాసెను. అది 1903లో పుస్తకముగా వెలువడి లోకమంతట చదువబడెను.

1904 జూన్ 28న హెలెన్ కెల్లర్ గౌరవ శ్రేణిలో బి.ఏ. పట్టము పొందెను. చూపు వినికిడి లేనివారిలో లోకమున ఇదియే మొదటి పట్టము. నాలుగేండ్లు ప్రతి పాఠమును ప్రతి పుస్తకమును తన చేతులమీదుగా దాటించిన ఆన్ సలివన్‌కు ఆ దినమున ఏ పట్టమును లేదు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయము 1931లో ఇద్దరికి గౌరవ పట్టములు ఇవ్వగోరగా, హెలెన్ తీసికొనెను. ఆన్ అయిష్టపడి, మరుసటి సంవత్సరము మాత్రమే అంగీకరించెను.

పట్టము తరువాత

తరువాతి 64 సంవత్సరముల సేవను క్లుప్తముగా చెప్పుదుము. అప్పుడే పుట్టిన బిడ్డల కండ్లలో ఒక చుక్క మందు వేసిన యెడల పోదగిన అంధత్వమును గూర్చి, తల్లి దండ్రుల రోగము పేరు చెప్పుటకు సభ్యసమాజము సిగ్గుపడిన దినములలో, ఆమె 1907లో పత్రికలో బహిరంగముగా వ్రాసెను. 1924 నుండి అమెరికా అంధుల ఫౌండేషన్ పక్షమున దేశదేశములు తిరిగెను. 1925లో లయన్స్ క్లబ్బులవారి మహాసభలో ప్రసంగించి అంధుల సేవకు వారిని పిలిచెను. మన ఊళ్లలో లయన్స్ కంటి ఆసుపత్రులకు మూలము ఆ పిలుపే. తన్ను తికమక పెట్టిన పలు బ్రెయిలీల స్థానే 1932లో ఇంగ్లీషు మాటలాడు దేశములన్నిటికి ఒకే బ్రెయిలీ ఏర్పడుట ఆమె కండ్లతో కాకపోయినను వ్రేళ్లతో చూచెను. మన దేశమున 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడి, తెలుగు మొదలగు భాషలన్నియు అవే ఆరు చుక్కలలో ఒక క్రమములోనికి వచ్చెను. 1955లో, 75వ ఏట, ఆమె భారతదేశమునకు వచ్చి ప్రధాని నెహ్రూను కలిసికొనెను. ఆ సంవత్సరమే హార్వర్డ్ విశ్వవిద్యాలయము ఆమెకు గౌరవ డాక్టరేటు నిచ్చెను. హార్వర్డ్ ఆ గౌరవము నిచ్చిన మొదటి స్త్రీ ఆమెయే.

ఆమెను దేవతగా చేయుట మా ఉద్దేశము కాదు. ఆమె స్వీడెన్‌బర్గ్ బోధను అనుసరించినది. మన సంఘపు విశ్వాస ప్రమాణముతో అది అన్ని విషయములలో ఏకీభవింపదు. 1909లో సోషలిస్టు పార్టీలో చేరినందుకు, నిన్నటివరకు పొగడిన పత్రికలే ఆమె అంగవైకల్యమును ఎత్తి చూపి ఆమె అభిప్రాయములను తీసివేసినవి. 1915లో ఒక డాక్టరు తీవ్ర వైకల్యముతో పుట్టిన శిశువుకు చికిత్స చేయక చనిపోనిచ్చినప్పుడు, ఆమె ఆ డాక్టరును సమర్థించుచు వ్రాసెను. ఇది మమ్ములను మిక్కిలి బాధించిన సంగతి. ఏ లోకము తన్ను పనికిరానిదని అనెనో, ఆ లోకపు తూనికరాతితోనే ఆమె మరియొక బిడ్డను తూచెను. దేవుని పరిశుద్ధులుకూడ తప్పిపోవుదురని బైబిలు మనకు దాచక చెప్పుచున్నది. మేమును దాచుట లేదు.

ఆన్ 1936లో మరణించెను. అటుతరువాత పాలీ థామ్సన్ అను ఆమె 1960లో తాను మరణించువరకు హెలెన్‌కు తోడుగా ఉండెను. హెలెన్ 1968 జూన్ 1న కనెక్టికట్ రాష్ట్రములో తన ఇంట నిద్రించెను. ఆమె చితాభస్మమును వాషింగ్టన్ నేషనల్ కథెడ్రల్‌లో ఆన్ చెంతను పాలీ చెంతను ఉంచిరి. అక్కడ పలకమీద బ్రెయిలీ అక్షరములు కలవు. వచ్చినవారు తడవి చదివికొందురు.

మన ముంగిట

ఇంత దూరపు కథ మనకెందుకు? మన గుడినుండి కనబడు మాదాపూరు, గచ్చిబౌలి గుట్టలవైపు చూడుడు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 1998లో సైబర్ టవర్స్ తెరువబడెను. అదే సంవత్సరము ట్రిపుల్ ఐ.టి. యు, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయమును మొదలాయెను. బండరాళ్లు, తాటిచెట్లు ఉన్నచోట అద్దాల మేడలు లేచినవి. చూపు లేనివారు కంప్యూటరు తెర చదివి వినిపించు సాఫ్ట్‌వేరుతో ఉద్యోగములు చేయవచ్చును. ఎన్.వి.డి.ఏ. అను అట్టి సాఫ్ట్‌వేరు ఉచితముగా దొరకును. తెలుగును చదువును. కాని ఆ మేడల మెట్లు ఎక్కుటకు డిగ్రీ కావలెను.

చట్టము ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతమునకు తగ్గకుండ సీట్లు కేటాయింపవలెను. వ్రాయుటకు సహాయకుని పొందు ఏర్పాటును, గంటకు 20 నిమిషములకు తగ్గని అదనపు సమయమును 2018 నాటి కేంద్ర మార్గదర్శకములలో చేరినవి. మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రము ఇచ్చిన నివేదికను ఆధారము చేసికొని 2024 నవంబరులో సుప్రీం కోర్టు, అందరికి అందుబాటు అనునది సలహాగా కాక విధిగా ఉండునట్లు నియమములు చేయుమని ఆదేశించెను. మచిలీపట్నము ప్రాంతములో పుట్టి, బేగంపేట దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివిన బొల్లా శ్రీకాంత్‌కు పదవ తరగతి తరువాత సైన్సు గ్రూపు దొరకలేదు. కోర్టుకు పోయి ఆ హక్కు సంపాదించెను. పిమ్మట హెలెన్ చదివిన ఆ కేంబ్రిడ్జి పట్టణములోనే, ఎం.ఐ.టి. లో పట్టము పొంది, హైదరాబాదు తిరిగి వచ్చి పరిశ్రమ పెట్టెను.

చట్టము వాకిలి తెరచును. మంచము మోయుటకు మాత్రము మనుష్యులు కావలెను. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మేము సేవచేయుచున్న పాస్టరేటులో చూపులేని ఒక యౌవనస్థుడు ఇంటర్మీడియట్ ముగించి డిగ్రీలో చేరెను. ఒక సాయంకాలము తల్లితో పార్సనేజికి వచ్చి, పాఠములు చదివి వినిపించువారు, పరీక్ష వ్రాసిపెట్టువారు ఎవరైనను దొరకుదురా అయ్యగారూ అని అడిగెను. మేము అతని తలమీద చేయి పెట్టి ప్రార్థించితిమి. బీదల నిధినుండి కొంత పైకము కవరులో పెట్టి ఇచ్చితిమి. పాటల బృందములో చేరుమని చెప్పితిమి. అతడు అడిగినది పైకము కాదు, పాటయు కాదు. ఆ ఆదివారము గుడిలో కూర్చున్న వందలమందిలో ఒక్కరినైనను మేము అడుగలేదు. రెండవ సంవత్సరములో అతడు చదువు మానెను. తల్లి నేటికిని మమ్ములను చూచి నవ్వి వందనము చేయును. ఆ నవ్వు ఎదుట మాకు తల ఎత్తుట కష్టము.

గనుక ఈ శతాబ్ది సంవత్సరమున మా మనవి ఇది. మన సంఘములలో సాఫ్ట్‌వేరు ఇంజనీర్లున్నారు, లెక్చరర్లున్నారు, రిటైరైన టీచరమ్మలున్నారు, ఇంటర్మీడియట్ చదువు పిల్లలున్నారు. కళాశాలలిచ్చు నోట్సులో అనేకము పేజీలను ఫొటో తీసి పంపినవి. చూపున్నవారికి అవి అక్షరములు, తెర చదువు సాఫ్ట్‌వేరుకు బొమ్మలు మాత్రమే. వాటిని టైపు చేసి ఇచ్చుటకు వారమునకు రెండు గంటలు చాలును. పరీక్ష వ్రాసిపెట్టువారి అర్హతను గూర్చిన నిబంధనలు మారుచుండును గనుక, ఆ సంగతిని కళాశాలలో ముందుగానే విచారించి, తగిన పేర్లు సిద్ధముగా ఉంచవచ్చును. చెవిటివారి కొరకు సైగల భాష నేర్చుకొన్నవారు ప్రతి పాస్టరేటులో ఇద్దరైనను ఉండవలెను. గుడి మెట్ల ప్రక్క ఒక ఏటవాలు దారి కట్టవలెను. అన్నిటికంటె ముందు, ఏమి కావలెనో వారినే అడుగవలెను. వారు ఎంత చదువవలెనో మనము నిర్ణయింపరాదు.

మా మట్టుకు మేము ఆ యౌవనస్థుని ఇంటికి పోతిమి. ఆలస్యముగా పోతిమి. దూరవిద్యలో మరల చేరుటకు మనస్సున్నదా అని అడిగితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, ఈ మారు చదివి వినిపించువారు ఎవరో ముందుగా చెప్పుమనెను. నలుగురి పేర్లు వ్రాసికొని వత్తుమని మాట ఇచ్చి వచ్చితిమి. ఈ వ్యాసము వ్రాయు నాటికి ముగ్గురు ఒప్పుకొనిరి. ఇది చదువుచున్నవారిలో నాలుగవవారు ఎవరో ఉన్నారని నమ్ముచున్నాము. కపెర్నహూములో కప్పు తీసిన చేతులను ఆశీర్వదించిన ప్రభువు మన చేతులనుకూడ ఆశీర్వదించును గాక. ఆమేన్.